ఆటోలో తెచ్చిన గొంతు

ఆ రోజుల్లో నాకు తెలివి తక్కువ, తొందర ఎక్కువ. మా ఆయన పోయి మూడు నెలలు. హన్మకొండలో ఒక చిన్న కంప్యూటర్ ఆఫీసులో ఊడ్చి, చాయ్ పెట్టే పనికి కుదిరాను. ఆయన పాత ఫోన్ చెడిపోతే మెమరీ చిప్పులో రికార్డైన ఆయన మాట ఒక్కటే మిగిలింది. ఏ ఫోన్లో వేసినా అది పలకలేదు. ఆ ఆఫీసులో జావాస్క్రిప్ట్ రాసే కళ్లద్దాల పిల్ల ఒకతె ఉండేది. "పాత రకం ఆడియో అక్కా, మన ఆఫీసు పెద్ద కంప్యూటర్ల, సర్వర్ల పెట్టి మారుస్త, ఫికర్ జెయ్యకు" అంది. రెండు రోజులు తంటాలు పడి, నా మొహం చూడకుండా చెప్పింది. "నేను రాసింది ఏ మిషన్ల పెట్టినా నడుస్తది అక్కా. కానీ దాని కింద నేటివ్ మాడ్యూల్ అని ఒకటుంటది. ఏ రకం మిషన్ మీద తయారైతే ఆ రకం మీదనే నడుస్తది. మా ఇంట్ల కంప్యూటర్ మీద చేసుకొచ్చిన, ఈ సర్వర్ రానిస్తలేదు. సోమవారం ఈడనే మళ్ల తయారు జేస్త."

చివరి మాట నా చెవికెక్కలేదు. వాళ్లింట్లో కంప్యూటర్ ఉందన్నదే ఎక్కింది. గ్లాసులు కడగకుండానే హసన్‌పర్తిలోని వాళ్లింటికి పోయి, వాళ్లమ్మతో "మీ బిడ్డ తెమ్మన్నది" అని పచ్చి అబద్ధమాడి, ఆ కంప్యూటర్ డబ్బాను కొంగులో చుట్టి ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కాను. (చిప్పు పట్టుకుని ఆ పిల్ల వెంట వాళ్లింటికి పోతే సరిపోయేదని అప్పుడు తట్టలేదు. నేను చెప్తుంటే ఇది రాస్తున్న మా చెల్లె కూతురు నవ్వుతోంది, నవ్వనీ.) "ఏందక్కా, టీవీ ఖరాబైందా?" అన్నాడు ఆటోవాడు. "కాదు తమ్మీ, మా ఆయన గొంతు" అన్నాను. ఆ మాట విని, గుంత వచ్చిన చోటల్లా మెల్లగా పోనిచ్చాడు.

ఆఫీసులో దిగిన నన్ను చూసి ఆ పిల్ల నెత్తి పట్టుకుంది. "అయ్యో అక్కా! ఈడనే చేస్తననలే? డబ్బా ఎందుకు మోసుకొచ్చినవ్?"

"గట్లనా? మట్టి పొయ్యి లెక్కన్నట్టు. ఎవలింట్ల ఆళ్లే వేసుకోవాలె, ఎత్తుకస్తే పలుగుతది."

"గదే అక్కా! జర కూసో, ఇప్పుడే వేద్దాం" అంది, నవ్వుతూ కళ్లద్దాలు తుడుచుకుని.

నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు వానలా పడి ఆగాయి. ఆయన గొంతు వచ్చింది. "బస్టాండ్ల దిగినవా? బియ్యం మూట ఎత్తకు, నడుం పడ్తది. నేనొస్తాన, ఆడనే ఉండు." ఆయన ఈ మాట అన్న రోజు వినక, మూట నెత్తిన పెట్టుకుని ఇంటికి నడిచి తిట్లు తిన్నదాన్ని. ఈసారి విన్నాను. డబ్బా పక్కన నేల మీద, అక్కడే కూర్చున్నాను. ఎవరూ రాలేదు.

ఇప్పుడా మాట నా ఫోన్లోనే ఉంది. బరువేదైనా ఎత్తాల్సొస్తే ఒకసారి వింటాను. ఆటోలో డబ్బాను పసిపిల్లలా పట్టుకుని కూర్చున్న ఆ పిచ్చిదాన్ని తలచుకుని కొంచెం నవ్వుకుంటాను. తర్వాత నేనే ఎత్తుకుంటాను.