ఆరు వందల మందికి బస్సన్న

ఆరు వందల పైచిలుకు విద్యార్థులు రోజూ పొద్దున్నే తలుచుకునే బస్సన్న నిజానికి అన్న కాదు. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి డిగ్రీ చదువుకు పోయే ముస్రత్. నోట్లో నాలుక లేని పిల్ల.

మొదట ముగ్గురే. బస్టాండులో పరిచయమైన ఇద్దరు సీనియర్లతో వాట్సాప్ గ్రూపు పెట్టి, ఏ బస్సు వచ్చిందో, సీట్లున్నాయో లేవో రాసేది. వాళ్లలో ఒకామె దేవనకొండలోని మేనత్త కూతుర్ని చేర్చింది. ఆ పిల్ల తన హాస్టలు గదినంతా చేర్చింది. మాధవరం కుర్రాడొకడు క్లాసు క్లాసునే తోలుకొచ్చాడు. కొత్తవాళ్లు ఆమె పేరు చోట ‘బస్సు’ అని ఉండడం, ఫొటో చోట బస్సు బొమ్మ చూసి, ఎవరో కండక్టరు పుణ్యం కట్టుకుంటున్నాడనుకున్నారు. అన్నా అన్నారు. ఆడపిల్లని తెలిస్తే పోకిరీలు నంబరు పట్టుకుని పీక్కుతింటారని ఆమె కిమ్మనలేదు. సీనియర్లు చదువు ముగించి వెళ్లాక ఆ గుట్టు తెలిసినవాళ్లే లేకపోయారు.

పోనుపోను బస్సుల మాటల మధ్య నోట్సులు వచ్చాయి, ఎవరెవరి దిగుళ్లో వచ్చాయి. బస్సు కిటికీ పక్కన కళ్లు మూసుకుంటే, పత్తి చేల అవతల ఊరూరా ఫోన్లు ఒక్కొక్కటే మేలుకుంటున్నట్టుండేది ముస్రత్‌కి. అంతమందిలో ఒక్కరైనా తనను పేరు పెట్టి పిలిస్తే చాలనిపించేది. పిచ్చిపిల్ల, దాక్కున్నదీ తనే, ఎవరూ వెతకలేదని బాధపడేదీ తనే.

మధ్యలో ఒక పల్లె దగ్గర సాయిసుధ ఎక్కేది. ఆమె కోసం ముస్రత్ పక్క సీట్లో సంచి పెట్టి ఉంచేది. ఏడాదిగా సాయిసుధ మాట్లాడడం, ఈమె వినడం. బస్సన్న చెప్పే వేళల ధైర్యంతోనే నాయన తనను కాలేజీకి పంపుతున్నాడని కూడా ఒకరోజు చెప్పింది. ఈమె పేరు మాత్రం మొదట్లో అడగలేదు. ఇన్నాళ్లకు అడగాలంటే మొహమాటం.

శ్రావణ సోమవారం బస్సులన్నీ ఉరుకుంద ఈరన్న తిరునాళ్లకు పోయాయి. ఆ రోజే పరీక్ష. ఆదోనికి దొరికిన ఒక్క బస్సులో ముస్రత్ జనం మధ్య నలుగుతూ నిలబడి ఉండగా గ్రూపులో సాయిసుధ రాసింది, అన్నా, గంట నుంచి రోడ్డు మీదే ఉన్నాను, బస్సు ఆగుతుందా అని.

మధ్యలో ఎక్కడా ఆపేది లేదని డ్రైవరు ముందే చెప్పేశాడు. పల్లె దగ్గరికి వచ్చేసింది. గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో గాని, ముస్రత్ అరిచింది.

"ఆపన్నా, ఆడ మా పిల్ల నిలబడింది. పరీచ్చుంది దానికి."

బస్సు ఆగింది. సాయిసుధ జనాన్ని తోసుకుంటూ వచ్చి, ఈమె పక్కనే నిలబడి, ఫోనులో అన్నకు దండం పెట్టింది. ముస్రత్ అలవాటు కొద్దీ, మంచిది చెల్లీ, బాగా రాయి అని ఫోన్లో కొట్టేసింది. ఆ తర్వాత గాని పక్కనున్న కళ్లు తన ఫోను మీదే ఉన్నాయని చూసుకోలేదు.

నమ్మించి మోసం చేశావంటుందేమో. ఉన్న ఈ కాస్త తోడూ పోతుందేమో. ఆదోని కొండలు కనబడ్డాక సాయిసుధ మెల్లగా అడిగింది.

"ఇన్నినాళ్లు పక్కనే కూసుంటివి గదప్పా. నీ పేరేంది?"

ముస్రత్ చెప్పింది. తప్పు పలుకుతానేమోనన్నట్టు సాయిసుధ ఆ పేరును రెండుసార్లు లోపలే అనుకుని, మూడోసారి పైకి పిలిచింది.