మందు పడని ఇరవై సాళ్లు

ఏడేళ్లుగా రెండు కిలోల బరువు మోస్తున్నాను. అవి పెసలు. నవ్వొస్తే నవ్వండి. కానీ చివరిదాకా వినండి. ఇది ఇంతవరకు మా ఇంటావిడకు కూడా చెప్పలేదు.

సూర్యాపేట దగ్గర మా ఊళ్లో నన్ను లెక్కల మనిషి అంటారు. ఏడో తరగతితో బడి మానేశాను. మిగతా లెక్కలు చెలకలోనే నేర్చుకున్నాను. ఎకరానికి ఎన్ని ట్యాంకులు కొట్టాలి, ట్యాంకుకు ఎన్ని మూతల మందు కలపాలి అని అందరూ నన్నే అడిగేవారు.

పెసర ఒక్కసారే ఎండదు. ఒకే చెట్టున కొన్ని కాయలు నల్లబడితే కొన్ని పచ్చిగానే ఉంటాయి. చేత్తో ఏరాలంటే మూడు దఫాలు, కూలీలు దొరకరు. మిషన్‌తో కోయాలంటే చేనంతా ఒకేసారి ఎండాలి. అందుకని కోతకు వారం ముందు పంట మీదే గడ్డిమందు కొట్టడం మొదలుపెట్టాం. తినే గింజ కదా అని పురుగుమందుల దుకాణం సేటును అడిగాను.

"ఏం కాదు. ఆకు మీదనే పడ్తది, గింజలకు పోదు. నేను తింటలేనా?" అన్నాడు.

నమ్మాను.

నమ్మానా? నమ్మితే చేను అంచున ఇరవై సాళ్లకు మందు పడకుండా ఎందుకు విడిచాను? ఊళ్లో అందరూ ఇంటి కోసం అలా విడిచేవారు, ఎందుకని ఎవరూ అడగరు. నేను లెక్క కట్టి మరీ విడిచాను. నలుగురం, నెలకు రెండు కిలోలు, విత్తనానికి నాలుగు, పండుగలకు రెండు. మొత్తం ముప్పై. సాలుకు కిలోన్నర.

ఏడేళ్ల కింద, కోతలయ్యాక కోదాడ నుంచి మా అక్క వచ్చింది. మనుమరాలికి ఆరో నెల.

"తమ్మీ, పోరికి ఉగ్గు పెట్టాలె. బజార్ల పెసలంటే బుగులైతుంది. మీ ఇంటికి ఉంచుకున్నయి జర రెండు కిలోలు పెట్టు."

"నా లెక్కల రెండు కిలోలు కోత పెడ్తివి గదనే అక్కా!"

"నీ లెక్క పాడుగాను! గంత పోరి ఎంత తింటదిరా?"

ఇద్దరం నవ్వుకున్నాం. నేను లోపలికి వెళ్లాను. ఇంటి సంచి ఒకటి, మార్కెట్‌కు పోయే సంచులు ఆరు. ఇంటి సంచి మూతి విప్పాను. ముప్పైలోంచి రెండు పోతే విత్తనానికి తక్కువ పడుతుందేమో అనిపించింది. మళ్లీ కట్టేశాను. పక్కనున్న మార్కెట్ సంచిలోంచి తూచాను. తూకంలో మాత్రం గింజ తేడా రానివ్వలేదు.

"ఇగ నాకు పరేషాన్ లేదు" అంది అక్క.

ఏడాది తిరిగేసరికి ఇంటి సంచిలో మూడు కిలోలు మిగిలి పురుగు పట్టాయి. కోళ్లకు చల్లాను.

ఆ కోతలకే సేటు మా చేను దగ్గర బండి ఆపాడు. "మీ ఇంటికి విడిచినయి అయిదు కిలోలు ఇయ్యవా? మందు కొట్టినయి మా ఇంట్ల వండనియ్యరు."

"నేను తింటలేనా అంటిరి కద సేటు?"

"దుకాణంల కూసున్నంక గట్లనే అంటరయ్యా" అని నవ్వాడు.

నా ఒళ్లు మండింది. అతని మాట మీద ఊరందరికీ మూతలు లెక్కగట్టి చెప్పినవాణ్ణి నేనే. ఇంత మోసమా అని ఇంటిదాకా తిట్టుకుంటూ నడిచాను. గడపలో కాలు పెట్టగానే అక్క నవ్వు గుర్తొచ్చింది. సేటు నాకు మాట ఇచ్చాడు. నేను అక్కకు సంచి ఇచ్చాను. ఇద్దరిలో ఎవరి మోసం ఎక్కువ?

ఆ పాప ఇప్పుడు బడికి పోతోంది. బాగానే ఉంది, నా కంటికి కనబడినంత వరకు. జ్వరమని ఫోన్ వస్తే మాత్రం తగ్గిందన్న మాట వినేదాకా మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తాను. ఆ గింజలు ఏమైనా చేశాయో లేదో నాకు తెలియదు. అది తేల్చే లెక్క నాకు రాదు. మా తమ్ముడు ఇంట్లో తినేవే మాకూ పెడతాడని అక్క ఇప్పటికీ కోదాడంతా చెప్పుకుంటుంది.

క్షమించమని అడగడం లేదు. అడగాల్సింది మిమ్మల్ని కాదు కూడా. ఒక్క మాట బయటికి అనాలనుకున్నాను: అక్కా, అవి ఇంటి పెసలు కావు.

అన్నాను.