బావ అంటిస్తే ఊడదు

గోడలకు పోస్టర్లు అంటించడం మా బావ పని. ఆయన నిచ్చెన మోయడం నాది. మా అక్క మొగుడు కదా, కాదనలేను. ఆయన అంటించిన పోస్టరుని వాన ఊడదీయలేదు, మేక పీకలేదు. జిగురులో మైదా ఎంత, మైలతుత్తం ఎంత అన్నది ఆయన చేతికే తెలుసు. నేను నడుం పట్టేసి మూలుగుతున్నా సరే, "గోడ పడిపోయినా నా పోస్టరు ఊడదురా" అనే అంటాడు.

మొన్న ఎవరో పాటలమ్మాయి కచేరీ పోస్టర్లు వచ్చాయి. ఊదారంగు కాగితం మీద తిరగబడ్డ గొడుగు, కింద రెండు కాళ్లు. ఒక కాలికి పచ్చ సాక్సు, ఇంకో కాలికి ఎర్రది. మొహం లేదు, పేరు లేదు. తేదీ మాత్రం ఉంది.

"ఎవరిదో తెలియకుండా ఎవడొస్తాడ్రా?" అన్నాడు బావ.

"మనకెందుకు బావా, అంటించేసి పోదాం."

బస్టాండు గోడంతా ఊదా చేశాం. మర్నాటికి గోడ బోడి. మళ్లీ అంటించాం. మళ్లీ అంతే. కచేరీ మేనేజరు, ఇంకా మీసాలు సరిగా రాని కుర్రాడు, వచ్చి గోడ తడిమి చూశాడు.

"అసలు అంటించారా, చెత్తబుట్టలో పడేశారా? రేపూ ఇలాగే ఉంటే వేరేవాళ్లని చూసుకుంటాం."

 ఈ పనిలో బావని అంత మాట అన్నవాడు లేడు. ఆ రోజు జిగురు చిక్కగా ఉడికించి, పోస్టరు పైన కూడా ఒక పూత వేశాడు. "ఇప్పుడు పీకమను, చూస్తా!"

సాయంత్రం మా మేనకోడలు విసవిసా ఇంట్లోకి వచ్చింది. చేతిలో చిరిగిన ఊదా కాగితం.

"ఇంత జిగురు పెడతారా నాన్నా? కాళ్లు గోడకే ఉండిపోయాయి!"

"దొంగ ఊళ్లో ఎక్కడో ఉన్నాడనుకుంటే, ఇంట్లోనే మేపుతున్నాం" అంది అక్క.

బావ అరుస్తాడనుకున్నాను. ఆయన ఆ ముక్కని అటూ ఇటూ తిప్పి, "కాళ్లే కదే బాగుండేది?" అన్నాడు.

"అదే కదా! మొహం ఉంటే అది ఆవిడ బొమ్మ. లేదు కాబట్టి నేనే అనుకోవచ్చు. మా క్లాసులో అందరి గదుల్లో ఉంది, నాకే లేదు." కాళ్లు చాపి చూపించింది. ఒకటి పచ్చ, ఒకటి ఎరుపు.

"ఉతికిన సాక్సులకి జత దొరకట్లేదని నేను నెత్తి కొట్టుకుంటున్నానే!" అంది అక్క.

బావ కూతుర్ని వెంటబెట్టుకుని మేనేజరు దగ్గరికి నడిచాడు. అది స్నేహితుల గదుల ఫోటోలు ఫోన్లో చూపించింది. మంచం పక్కన, బీరువా మీద, తలుపు వెనక, ఎక్కడ చూసినా ఆ గొడుగే. కుర్రాడు కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

"తప్పయిపోయిందన్నా! గోడ మీదుంటే చూసి పోతారు, గదిలో ఉంటే కచేరీకి వస్తారు. ఇకమీదట మీరే అంటించాలి. కాకపోతే తేలిగ్గా ఊడొచ్చేలా!"

"అది మాత్రం నాకు రాదు బాబూ" అన్నాడు బావ, తిట్టు తిన్నవాడిలా.

నేర్పింది కూతురే. పెరటి గోడ మీద మొదటి పోస్టరు జారి నా నెత్తిన పడింది. "అంత పల్చగా కాదు నాన్నా, నాలుగు మూలలకే పెట్టు. మామయ్యా, నువ్వు కదలకు!"

కచేరీ రోజు మేం బస్టాండు గోడకి ఈ చివర అంటిస్తుంటే, ఆ చివర జత కలవని సాక్సుల పిల్లలు తీసుకుంటున్నారు. బావ నిచ్చెన మీద నుంచే కేకలు. "ఏయ్, అలా కాదు! కింది మూల పట్టుకుని మెల్లగా లాగు. చిరిగిందో, ఊరుకోను!"

మధ్యాహ్నానికి గోడంతా ఖాళీ. బావ దిగొచ్చి, చేతులు తుడుచుకుంటూ ఆ ఖాళీ గోడని మురిపెంగా చూసుకున్నాడు.

"ఒక్కటీ చిరగలేదు, చూశావా?"