పండుకున్న పలక

పొద్దున్నే దీపం పెట్టడానికి అగ్గిపుల్ల గీస్తానా, ఆ గంధకపు వాసన ముక్కుకు తగలగానే నాకు దేవుడికంటే ముందు సుగుణ టీచర్ గుర్తుకొస్తారు. అపచారమే, ఏం చేయను! ఖాళీ అయిన అగ్గిపెట్టెను నేను పారేయను. వంటింటి గూట్లో అవి పేరుకుపోతే మా ఆయన “దుకాణం పెడతావా ఏంటి?” అని విసుక్కుంటారు. అన్నీ సంచిలో వేసుకుని బొల్లారంలో నేను పనిచేసే బడికి పట్టుకుపోతాను. అక్కడి ఎల్‌కేజీ పిల్లలు నన్ను అగ్గిపెట్టెల టీచర్ అంటారు. నిజానికి ఆ పేరు నాది కాదు, సుగుణ టీచర్‌ది. ఆవిడ మీకు తెలిసే అవకాశం లేదు. సీతాఫల్‌మండిలో ఒక సందు చివర, అద్దె మేడలో నడిచిన చిన్న బడికి ఆవిడ హెడ్‌మిస్ట్రెస్. పేపర్లో పేరు రాలేదు, శాలువా ఎవరూ కప్పలేదు. నన్ను మాత్రం టీచర్‌ని చేశారు.

అవి ఊరంతా సాఫ్ట్‌వేర్ గాలి వీస్తున్న రోజులు. ఏ ఇంటికి వెళ్ళినా “మీ అమ్మాయి ఏ కోర్సు చేస్తోంది?” అన్నదే మొదటి పలకరింపు. మా నాన్న బొబ్బిలి వైపు నుంచి రైల్వే ఉద్యోగం మీద సికింద్రాబాద్ వచ్చారు. నేనూ అందరిలాగే అమీర్‌పేటకు బస్సెక్కి కంప్యూటర్ భాషలు నేర్చుకున్నాను. తీరా నేర్చుకునేసరికి కంపెనీలు మనుషుల్ని తీసుకోవడం ఆపేశాయి. ఇంటర్వ్యూలకు తిరిగి తిరిగి చెప్పులు అరిగాక, సుగుణ టీచర్ బడిలో చిన్న తరగతులకు కంప్యూటర్ నేర్పే పని దొరికింది. మా అమ్మ నెత్తి కొట్టుకుంది. “ఏటే పద్మా, ఇంత చదువూ చదివింది పిల్లల ముక్కులు తుడవడానికేటే?” అంది. నాకూ లోపల అదే మాట తిరుగుతోంది. నాలుగు నెలలు గడిపేసి, మంచి పిలుపు రాగానే పోదామనుకునే చేరాను.

చేరిన రోజు సుగుణ టీచర్ ఎల్‌కేజీ గదిలో చాప మీద కూర్చుని పిల్లలతో బఠాణీలు ఒలిపిస్తున్నారు. పొట్టి మనిషి, నేతచీర, కొంగుకు ఎప్పుడూ సుద్ద. ఆవిడ చేతిసంచిలో చింతగింజలు, చొక్కా గుండీలు, ఎండిన బత్తాయి తొక్కలు, ఇంకా ఏవేవో ఉండేవి. పిల్లలు గుండీలను రంగులవారీగా వేరుచేసేవారు, చింతగింజలతో అక్షరాలు పేర్చేవారు. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చారు. “కూసో బిడ్డా. నీకు కంప్యూటర్ తెలుసు, నాకు పిల్లలు తెలుసు. నాకు నువ్వు చెప్పు, నీకు నేను చెప్త,” అన్నారు. బఠాణీలు ఒలిచే ఆవిడ నాకేం చెబుతారులే అనుకున్నాను. వయసు అలాంటిది!

కంప్యూటర్ గది మాత్రం గుడిలా ఉండేది. చెప్పులు బయట విడవాలి. రెండు కంప్యూటర్లకూ పూలగుడ్డతో కుట్టిన ముసుగులు, నుదుట దసరా నాటి పసుపుకుంకుమలు. ఎల్‌కేజీ పిల్లల మొదటి పీరియడ్‌లో బొమ్మలు గీసే ప్రోగ్రామ్ తెరిచి, “మౌస్ కదిపి ఒక గీత గీయండి,” అన్నాను. ఇమ్రాన్ అనే పిల్లాడు లేచాడు. మౌస్‌ను చేత్తో ఎత్తి, తిన్నగా స్క్రీన్ అద్దానికి ఆనించి, పలక మీద బలపం రుద్దినట్టు పైకీ కిందికీ రుద్దాడు. “గీత పడ్తలేదు టీచర్,” అని నా మొహం చూశాడు. వాడి వెనక లావణ్య, ఆ వెనక మిగతా అందరూ వరసగా అదే పని. చూపించాను, చేయి పట్టుకుని జరిపాను. వదలగానే మౌస్ మళ్ళీ అద్దం మీదికే ఎక్కేది.

సరిగ్గా అప్పుడే బడి నడిపే కరస్పాండెంట్‌గారు గుమ్మంలోకి వచ్చారు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన వ్యాపారస్తుడు, కష్టపడి పైకొచ్చిన మనిషి. ఆ కంప్యూటర్లంటే ఆయనకు ప్రాణం. “ఏంటమ్మాయ్ ఇది! అద్దం పగలగొడతారా ఏంటి? ఈ పిల్లలకి ఇంత బుర్ర ఎక్కడిది? మూడో తరగతి దాకా ఒక్కళ్ళని కూడా ఈ గదిలోకి రానివ్వొద్దు!” అని కేకలేశారు. పెద్ద తరగతులకు వేరే మాస్టారున్నారు. చిన్నపిల్లలకు గది మూసేస్తే నా ఉద్యోగమూ మూసేసినట్టే. కానీ ఆ క్షణాన నన్ను కుదిపింది ఇమ్రాన్ మొహం. బుర్ర లేదన్న మాట వాడికి అర్థమైంది. మౌస్‌ను బల్ల మీద మెల్లగా పెట్టి, రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు.

సుగుణ టీచర్ ఆయనకు అడ్డంగా వెళ్ళి నిలబడ్డారు. “పేరెంట్స్ డే దాంక టైమియ్యుండ్రి సార్. ఆ రోజు అందరి ముందు మా ఎల్‌కేజీ పిల్లలు కంప్యూటర్ మీద ఇల్లు గీస్తరు. గీయకపోతే తాళమేసుకోండ్రి,” అన్నారు. ఆయన సరేనని వెళ్ళిపోయాక నేను స్టాఫ్‌రూమ్‌లో ఏడ్చేశాను. ఆవిడ మంచినీళ్ళు తెచ్చిచ్చారు. “పరేషాన్ కాకు. ఇమ్రాన్‌ది తప్పేమున్నది చెప్పు? చెయ్యి ఏడుంటే గీత ఆడ పడాలె. పలక మీద గట్లనే గద? చెయ్యి బల్ల మీద, గీత అద్దం మీద అంటే వానికేం తెలుస్తది? వాడేమనుకున్నడో ముందు చూడాలె. రేపు ఖాళీ అగ్గిపెట్టెలు తీస్కరా.”

మర్నాడు అగ్గిపెట్టెకు దారం తోక కట్టి మౌస్ చేశారు. నేల మీద వార్తాపత్రిక పరిచారు. ఒక పిల్ల కాగితం మీద అగ్గిపెట్టెను జరపాలి. ఇంకో పిల్లాడు నల్లబల్ల దగ్గర సుద్దముక్కతో నిలబడి, అగ్గిపెట్టె ఎటు పోతే అటు గీయాలి. ఆట షురూ అయింది, అంతలోనే ఆగింది. లావణ్య నడుం మీద చెయ్యి పెట్టుకుని అడిగింది: “నేను డబ్బిని ముంగటికి తోస్తున్న. ఇమ్రాన్ పైకెందుకు గీస్తుండు టీచర్?” ఇన్నేళ్ళూ మౌస్ పట్టుకున్నాను, ఆ సందేహం నాకెప్పుడూ రాలేదు! సుగుణ టీచర్ ఒక పలకను లావణ్య ముందు నేల మీద పెట్టి, దూరంగా ఉన్న అంచున చింతగింజ అంటించారు. “గిది పండుకున్న పలక. గింజ ఏడున్నది?” “దూరం.” పలకను మెల్లగా లేపి గోడకు ఆనించారు. “గిప్పుడు పలక లేసి నిలవడ్డది. గింజ ఏడున్నది?” “పైన!” అని పిల్లలంతా అరిచారు. నేనూ అరిచాను, సిగ్గెందుకు? అమీర్‌పేటలో అంతకాలం కూర్చున్నా అంత తేటగా నాకెవరూ ఏదీ చెప్పలేదు.

ఆటకు ఇంకో నియమం పెట్టారు. అగ్గిపెట్టె కాగితం అంచుకు చేరితే ఎత్తి మళ్ళీ మధ్యలో పెట్టుకోవాలి, అది గాల్లో ఉన్నంతసేపూ సుద్దముక్క కదలకూడదు. అదెందుకో అప్పుడు నేను పట్టించుకోలేదు. పిల్లలు మాత్రం తిండి మానేసి ఆడారు. మేమిద్దరం పక్కపక్కన కూర్చుని చూసేవాళ్ళం. ఆ రోజుల్లోనే ఎప్పుడో, ఇంటర్వ్యూ పిలుపు కోసం ఎదురుచూడటం మానేశానని నాకే తర్వాత తెలిసింది.

పేరెంట్స్ డే నాడు కంప్యూటర్ గది కిక్కిరిసిపోయింది. ఇమ్రాన్ వాళ్ళ అమ్మ మిషన్ కుట్టే పని ఆపుకుని వచ్చి గోడవారగా నిలబడింది. ఇమ్రాన్ కుర్చీ ఎక్కి మౌస్ పట్టుకున్నాడు. అద్దం మీద ఒక గోడ లేచింది, రెండో గోడ లేచింది. పైకప్పు గీయబోతుండగా మౌస్ బల్ల అంచుకొచ్చేసింది. వాడు ఆగాడు. మౌస్‌ను చేత్తో పైకెత్తాడు. “అదిగో, మళ్ళీ అదే పని!” అన్నారు కరస్పాండెంట్‌గారు. ఇమ్రాన్ ఆయన వైపు చూడనే లేదు. మౌస్‌ను బల్ల మధ్యలో పెట్టుకుని, గీత ఆగిన చోటి నుంచే కప్పు పూర్తి చేశాడు. గదంతా చప్పట్లు! వాళ్ళమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కరస్పాండెంట్‌గారు ఉండబట్టలేక తానూ కూర్చుని గీయబోయారు. మౌస్ అంచుకొచ్చి ఆగిపోయింది. ఎటూ తోచక దాన్ని అక్కడే రుద్దుతుంటే ఇమ్రాన్ ఆయన మోచేతి మీద తట్టి, “ఎత్తి నడుమల పెట్టుండ్రి సార్,” అన్నాడు. ఆయనే ముందు నవ్వారు. తాళం మాట మళ్ళీ ఎత్తలేదు.

చాలా ఏళ్ళ తర్వాత, మెట్టుగూడలో సుగుణ టీచర్ ఇంటికి నా బడి ట్యాబ్ పట్టుకెళ్ళాను. రైలు వెళ్తే కిటికీ అద్దాలు గలగల్లాడే ఇల్లు అది. ఆవిడకు చూపు తగ్గింది. “వేలితో గీయండి టీచర్,” అన్నాను. వేలు ఆనించి ఒక గోడ, ఇంకో గోడ, పైన కప్పు గీశారు. కాసేపు దాన్నే చూసి పకపకా నవ్వారు. “గిప్పటికి సక్కగ జేసిండ్రు! చెయ్యి పెట్టిన కాడనే గీత. మన ఇమ్రాన్ ఆనాడే చెప్పిండు గద, ఎవరిన్నరు? పిల్లలు తప్పు జేస్తలేరు బిడ్డా, జెర ముందుగాల జేస్తున్నరు. గంతే.” ఆవిడను నేను చూడటం అదే ఆఖరు. చెప్పాల్సిన కృతజ్ఞత సగం చెప్పనే లేదు. అందుకే ఇదంతా మీకు చెబుతున్నాను.

మొన్న మా బడిలో ఎల్‌కేజీ పాప ఒకతి ట్యాబ్‌లో మామిడిపండు బొమ్మకు ముక్కు ఆనించి గట్టిగా పీల్చింది. “వాసన వస్తలేదు టీచర్,” అని ఫిర్యాదు చేసింది. కొత్తగా చేరిన టీచరమ్మాయి పగలబడి నవ్వింది. నేను నవ్వలేదు. మర్నాడు సంచిలో అగ్గిపెట్టెల పక్కన ఒక మామిడిపండు కూడా వేసుకుని బడికి వెళ్ళాను.