అడుగు మూసిన వల

ఈ ఉదయం కృష్ణపట్నం బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, ఎండుతున్న వలల వాసన వచ్చింది. నీచు, ఉప్పు, కాస్త డీజిలు. మోకాలి పట్టీ సర్దుకుని కళ్లు మూసుకున్నాను.

నేస్తాల్లారా, మన బడి బాస్కెట్‌బాల్ కోర్టు గుర్తుందా మీకు? కోర్టని పేరే గానీ అంతా ఇసుకే. సరుగుడు కర్రకు బిగించిన ఇనుప రింగు. దానికి వల లేదని నేను ఏడిస్తే, మా నాయన ఒక పూట చేపల వేట మానుకుని నీలం నైలాన్ దారంతో అల్లి కట్టాడు. మొదటి బాల్ నేనే వేశాను. లోపల పడింది గానీ కిందికి రాలేదు. చేపల వలలు అల్లే చెయ్యి కదా, అడుగు కూడా గట్టిగా ముడేసేశాడు!

"నాయనా, అడుగు తెరిచి ఉండాల," అన్నాను.

"ఏంది పాపా, పట్టిందాన్ని వదిలేసే వల యాడన్నా ఉంటాదా?"

మీరంతా ఇసుకలో పడి దొర్లి నవ్వారు. ఆయన నవ్వలేదు. కత్తి తీసి ఆ ముడులు కోయడానికి ఎంతసేపు తటపటాయించాడో! బాల్ జారి పడగానే తనే పరిగెత్తి తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. "అది జారిపోతా ఉండాది. నువ్వన్నా గట్టిగా పట్టుకో."

పట్టుకునే ఉన్నాను. ఆటే ఉద్యోగంగా ఎన్ని ఊళ్లు, ఎన్ని జట్లు, ఎన్ని ఆపరేషన్లు. నిన్న చెన్నైలో నా చివరి మ్యాచ్. అందరూ వెళ్లాక ఊరికే ఒకసారి రింగులో వేశాను. బాల్ వలలోంచి జారి, దొర్లుకుంటూ పోయి గోడ దగ్గర ఆగింది.

కుంటుకుంటూ వెళ్లి, మోకాలు పట్టుకుని, దాన్ని తీసుకోడానికి నేనే వంగాను.