ముప్పై తొమ్మిది దాకా చూశానండి

ఒక మనిషి ఉద్యోగం ఊడగొట్టడానికి నేను ఒకసారి మా బాబాయిని వెంటబెట్టుకుని మరీ వెళ్ళాను. చివరికి ఏం ఊడిందో తర్వాత చెబుతాను. ఈలోపల నన్ను మంచిదాన్ననుకోకండి, అనవసరంగా బాధపడతారు.

అప్పుడు నేను తెనాలిలో డిగ్రీ మొదటి ఏడాది, లెక్కల గ్రూపు. రోజూ రేపల్లె నుంచి పాసింజరు బండిలో వెళ్ళొచ్చేదాన్ని. మాది అనుమానాల ఇల్లు. మా బాబాయికి మందుల షాపు ఉంది. ఆయన ఇంట్లో ఉప్పు పొట్లం మీద కూడా గడువు తేదీ చూస్తేగానీ కూరలో వెయ్యనివ్వడు. ఆయన చేతుల్లో పెరిగిన నేను, బండి సరిగ్గా టైముకి వస్తే ఇది నిన్న రావలసిన బండేమో అనుకునేదాన్ని.

ఇంటర్లో మా సార్లు ప్రశ్న పూర్తిగా చదవకముందే జవాబు చెప్పేసేవారు. లెక్క ఇలా కనిపిస్తే మూడో జవాబు, అంతే. ఎందుకు అని అడిగినవాణ్ణి వరండాలో నిలబెట్టేవారు. నేను ఎప్పుడూ అడగలేదు కాబట్టి మార్కులు కుప్పలుగా వచ్చాయి. బస్టాండు దగ్గర ఫ్లెక్సీలో నా ఫోటో పడింది. ఇక లెక్కలన్నీ నాకు వచ్చేసినట్టేనని మా వీధితోపాటు నేనూ నమ్మేశాను. నా జీవితంలో ఏ అనుమానమూ లేకుండా నమ్మింది అదొక్కటే.

డిగ్రీలో ప్రసాద్ సార్ వచ్చారు. లెక్క చేస్తూ చేస్తూ మధ్యలో ఆగిపోయేవారు. బోర్డు వంక అలా చూసి, "ఎక్కడో తప్పు చేశాను, ఎక్కడో చెప్పండి," అనేవారు. సారు తప్పు చెయ్యడమేమిటి, చేసినా చెప్పడమేమిటి, చెప్పి మమ్మల్ని అడగడమేమిటి? పైగా ఇంటి దగ్గర ఆలోచించుకు రమ్మని ప్రశ్నలిచ్చి, మర్నాడు మా ఆలోచనలన్నీ శ్రద్ధగా వినేవారు. నాకు విషయం అర్థమైపోయింది. ఈయనకి ఏమీ రాదు. మా దగ్గర నేర్చుకుని మాకే చెబుతున్నాడు. భట్టిప్రోలులో బండెక్కే శైలజ క్లాసులో అస్తమానం చెయ్యెత్తి సందేహాలడిగేది. ఆ పిల్ల ఆయనకి చుట్టమేమోనని కూడా అనుమానించాను.

సరే, పట్టుకుందామని ఒక వల పన్నాను. ఇంటర్లో ఎవరో చెప్పిన కిటుకు ఒకటి ఉండేది. ఏ సంఖ్యనైనా దానితోనే గుణించి, మళ్ళీ ఆ సంఖ్యనే కలిపి, పైన నలభై ఒకటి కలిపితే ఎప్పుడూ ప్రధాన సంఖ్యే వస్తుందట. అంటే ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ భాగం పోని సంఖ్య. రెండు తీసుకోండి. నాలుగు, దానికి రెండు, దానికి నలభై ఒకటి, మొత్తం నలభై ఏడు. పోదు చూడండి. దీన్ని రుజువు చెయ్యమని సార్‌ని నలుగురిలో అడిగాను.

"ఎప్పుడూ వస్తుందామ్మా?" అన్నారు.

"ఎప్పుడూ వస్తుందండి."

"ఎంతవరకు చూశావు?"

"పది దాకా చూశానండి."

"ఇంకొంచెం చూడు," అని డస్టరు తీసుకున్నారు.

వారం పోయాక ఇరవై దాకా చూసి వెళ్ళాను. ఇంకొంచెం చూడమన్నారు. ముప్పై దాకా చూశాను. మళ్ళీ అదే మాట. రాని వాళ్ళు కాలం గడపడానికి చేసే పని ఇదేనని నాకు రూఢి అయింది. బండిలో నా అవస్థ చూసి శైలజ జాలిపడింది. "నువ్వు ఇక్కణ్ణుంచి చెయ్యి, నేను నలభై నుంచి చేస్తాను, ఇద్దరం కలిస్తే తొందరగా అవుతుంది," అంది. పేరు కొట్టేద్దామని చూస్తోందనుకుని కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. వేమూరు దాటేసరికి ముప్పై తొమ్మిది పూర్తయింది. అన్నీ ప్రధాన సంఖ్యలే. ఇక చాలనిపించి బాబాయికి చెప్పాను.

ప్రసాద్ సార్ గెస్టు లెక్చరరు. బాపట్ల నుంచి క్యారియరు పట్టుకుని వచ్చేవారు. వచ్చే ఏడాది ఆయన్ని ఉంచాలా వద్దా అన్నది ప్రిన్సిపాల్ మేడమ్ మాట మీద ఉంది, ఆ మాట ఆ వారంలోనే చెప్పాలి. ఇదంతా నాకు తెలుసు. తెలిసే వెళ్ళాను.

"ఏంటండీ ఇది, మా పిల్ల లెక్క అడిగితే నెల్లాళ్ళ నుంచి ఇంకొంచెం చూడు, ఇంకొంచెం చూడు అంటున్నాడంట," అన్నాడు బాబాయి. మేడమ్ చెప్పేది వృక్షశాస్త్రం. ఆవిడ భయపడి సార్‌ని పిలిపించారు. ఆయన సుద్దచేతులతోనే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు.

"ముప్పై తొమ్మిది దాకా చూశానండి. అన్నీ వచ్చాయి. రుజువు చెయ్యడం ఈయనకి రాదండి," అన్నాను.

"నిజమేనండి, నాకు రాదు," అన్నారు సార్.

బాబాయి మేడమ్ వంక, చూశారా అన్నట్టు చూశాడు. సార్ నా వైపు తిరిగి, "ఇంకొక్కటి చూడమ్మా," అన్నారు.

నలభై. అక్కడే వేశాను. పదహారు వందల ఎనభై ఒకటి. మూడుతో పోలేదు, ఏడుతో పోలేదు, పదమూడుతో పోలేదు. నలభై ఒకటితో చూడమన్నారు సార్. బాబాయి ఫోన్లో నొక్కాడు. సరిగ్గా నలభై ఒకటిసార్లు పోయింది. తన ఫోను మీద అనుమానమొచ్చి మేడమ్ ఫోను అడిగి తీసుకుని నొక్కాడు. అందులోనూ పోయింది.

"అబద్ధాన్ని రుజువు చెయ్యడం నాకే కాదమ్మా, ఎవరికీ రాదు. నేను చెప్పేస్తే ఇంకో సారు చెప్పాడని నమ్మేస్తావు. నీకై నువ్వు చూడాలని ఆగాను," అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, నాకు కాస్త తల ఎత్తుకునే వీలుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంతకీ ఈయన్ని ఉంచమంటారా వద్దంటారా అని మేడమ్ బాబాయినే అడిగారు. బాబాయి మేడమ్ ఫోను ఆవిడకి తిరిగిచ్చేసి, "ఉంచండి. మా పిల్లకి నలభై తర్వాత ఇంకా చాలా ఉన్నాయి," అన్నాడు.

ఆ సాయంత్రం ఊడింది బస్టాండు దగ్గర ఫ్లెక్సీ. తాళ్ళు బాబాయే విప్పాడు.

ఇప్పుడు నేను బాపట్లలో మొదటి ఏడాది పిల్లలకి లెక్కలు చెబుతున్నాను. వాళ్ళకి మొదటి రోజే చెబుతాను: ఇక్కడ జవాబు తొందరగా రాదు, రానందుకు సిగ్గుపడకండి, పక్కవాళ్ళతో కలిసి కూర్చోండి, కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టకండి. వాళ్ళు నన్ను నమ్మరనుకోండి, అది వేరే సంగతి.

చివరిదాకా చూడకుండా ఇంకెప్పుడూ ఎవర్నీ అనుమానించనని ఆ రోజు పాసింజరు బండిలో, కిటికీ కడ్డీ పట్టుకుని, శైలజ సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఇప్పటికి ముప్పై తొమ్మిది మంది విషయంలో ఆ ఒట్టు నిలబెట్టుకున్నాను. మొన్న మాత్రం నేను లెక్క మధ్యలో ఆగి బోర్డు వంక చూస్తుంటే, కొత్తగా చేరిన పిల్ల ఒకతి పక్కపిల్ల చెవిలో ఏదో చెప్పి నవ్వింది. దాని మీద నాకు కొంచెం అనుమానంగా ఉంది.