సముద్రం తీసుకుపోయిన బురుజు

నరేందర్ చేతికి చిన్ననాటి అలవాటొకటి ఉండిపోయింది. సిరిసిల్లలో తండ్రి సాంచాల మీద గుడ్డ నేస్తుంటే, తెగిన పోగులు వెతికి ముడివేయడం అతని వంతు. తెగిన పోగు కంటబడితే వేళ్లు ఊరుకునేవి కావు.

ఇప్పుడు పంజాగుట్టలో, ఒక చిన్న ఆఫీసులో పని. సముద్రపు ఒడ్డున శిథిలమైన కోటలను ఉపగ్రహం తీసిన ఫోటోల్లో చూసి, పాత పటాలతో సరిపోల్చి, కంప్యూటర్లో గోడల గీతలు గీయాలి. గోడ కనిపించినంత మేరకే గీత. కనిపించనిచోట ఖాళీ వదిలేయాలి.

సముద్రాన్ని అతను కళ్లారా చూసింది లేదు. భార్య వెన్నెల కూడా చూడలేదు. ఆమెకు జబ్బు చేసిన కొత్తలో ఫోన్లో ఒక కోట చూపించాడు. నీళ్ల అంచున ఉన్న బురుజును వేలితో తాకి, "నయమైతే గీ బురుజు మీద కూసుందాం. అలలొచ్చి కాళ్లకు తాకాలె" అంది. ఆసుపత్రిలో సూది గుచ్చినప్పుడల్లా ఆ బురుజు మాటే.

ఆమె ఇక కోలుకోదని డాక్టరు అతనొక్కడికే చెప్పిన వారంలో ఆ కోట కొత్త ఫోటోలు వచ్చాయి. బురుజు ఉన్నచోట నీళ్లే. నరేందర్ వేళ్లు ఆగలేదు. ఇటు గోడనూ అటు గోడనూ కలిపి మధ్యలో బురుజు గీసేశాయి.

పై అధికారి సుమశ్రీది రాజమండ్రి. "ఏంటి నరేందర్ గారూ, సముద్రంలో గోడ కట్టేశారు? మేస్త్రీ ఎవరండీ?" అని నవ్వబోయి, అతని ముఖం చూసి ఆగింది. టీ తెప్పించి ముందు పెట్టింది. "తాగాక చెరుపుదురు గానీ. తొందరేం లేదండీ."

టీ చల్లారాక తాగి, గీత చెరిపేశాడు.

మధురానగర్‌లో గదికి వచ్చేసరికి ఇంటి యజమానురాలు కాంతవ్వ వెన్నెలకు గంజి తాగిస్తోంది. "జర నువ్వన్న చెప్పు బిడ్డా! రెండు గుక్కలు తాగి కొత్త పెండ్లికూతురు లెక్క మూతి తిప్పుకుంటుంది" అని అతనికి గిన్నె అందించి వెళ్లింది.

"మన బురుజెట్లుంది?" అడిగింది వెన్నెల.

ఎప్పుడూ "మంచిగుంది" అనేవాడు. ఇవాళ నోరు రాలేదు. "లేదే. సముద్రం తీస్కపోయింది."

ఆమె గంజి గిన్నెను పక్కకు జరిపింది. "ఎనక గోడ?"

"ఉంది."

"అయితే గా గోడకు ఆనుకొని కూసుందాం తియ్యి. దూరంకెల్లి చూసినా సముద్రమే గద."

"సరేనే" అన్నాడు. దేవుని గూట్లోంచి బల్కంపేట ఎల్లమ్మ బండారి పసుపు తెచ్చి ఆమె నుదుట పెట్టాడు. కాసేపటికి ఆమె కళ్లు మూతపడ్డాయి. దుప్పటి సర్దుతుంటే అంచున తెగిన పోగొకటి వేలికి తగిలింది. ముడివేద్దామని రెండో కొస కోసం వెతికాడు. దొరకలేదు.